వంద వచ్చు... ఐదు తెలుసా?

"మా బాబుకి వంద దాకా వచ్చు మేడమ్. కూడికలు ఎప్పుడు మొదలుపెడతారు?"

బడులు తెరవగానే చాలామంది తల్లులు అడిగే మాటే ఇది. నేను ఉప్పల్‌లో ఒక చిన్న బడిలో యూకేజీ పిల్లలకు చెబుతాను. మా ఇల్లు నాచారం. ఆ తల్లి మాటకు నాకు నవ్వు రాలేదు. ఒకప్పుడు నేనూ అలా మురిసిపోయినదాన్నే మరి!

మా అమ్మాయికి అప్పుడు నాలుగున్నరేళ్ళు. చుట్టాల ముందు ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పేది. ఓరోజు ఐదు చింతగింజలు వరసగా పేర్చి, వాటికి ఎదురుగా మరో ఐదు పెట్టాను. "రెండూ సమానమే" అంది. కింది వరసను కాస్త ఎడంగా జరిపి "ఇప్పుడో?" అన్నాను. "కిందవే ఎక్కువ" అంది. సరిగ్గా చూడమని గద్దించాను. మళ్ళీ అదే జవాబు. విసుగులో చెయ్యి చేసుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు చింతగింజలు తీస్తే చాలు, వాళ్ళ నానమ్మ కొంగు చాటున దాక్కునేది.

తప్పు పిల్లది కాదని టీచర్ ట్రైనింగ్‌లో గానీ తెలియలేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన పియాజే ఇలాంటి వరసలతోనే పిల్లల్ని పరిశీలించి 1941లో పుస్తకం రాశారు. ఆ వయసులో చాలామంది లెక్కను కాక వరస పొడవును చూస్తారట! 1974లో మెక్‌గారిగిల్, డోనాల్డ్‌సన్ అనే పరిశోధకులు ఓ ఎలుగుబంటి బొమ్మ అల్లరి చేసి వరసను చెదరగొట్టినట్టు నటించారు. అప్పుడు "సమానమే" అన్న పిల్లలు బాగా పెరిగారు. పెద్దవాళ్ళే జరిపి, అదే ప్రశ్న మళ్ళీ అడిగితే పిల్లలు తికమకపడతారన్నమాట.

అందుకే ఇప్పుడు నేను వందతో మొదలుపెట్టను. ముందు జతలు కలపడం. పళ్ళేనికో గ్లాసు, సీసాకో మూత. ఏది మిగిలితే అది ఎక్కువ. అన్నిటికీ జత కుదిరితే సమానం. మొదట రెండు, నాలుగు లాంటి తేడా తెలిసే గుంపులు, తర్వాత నాలుగు, ఐదు. మూడు జామకాయల పక్కన ఐదు రేగుపళ్ళు పెడితే, పెద్దగా ఉన్నంత మాత్రాన ఎక్కువ కాదని వాళ్ళే కనిపెడతారు. "తక్కువ" అన్న మాటనూ రోజూ వాడాలి. తప్పు చెబితే "ఎలా తెలిసింది నాన్నా?" అని అడగాలి, అంతే.

నాచారం ఫ్యాక్టరీల్లో పనికెళ్ళే తల్లులకు తీరిక ఎక్కడిదంటారా? ఇందుకు వేరే సమయం అక్కర్లేదు. కూరగాయలు తరిగేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు అడగొచ్చు. అమ్మమ్మలుంటే వామనగుంతలు ఆడించమనండి.

2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కూడా ఒకటో తరగతికి ముందు పిల్లలు 10 వరకూ అంకెలు గుర్తించాలంటోంది. వంద కాదు!

ఆ తల్లికి ఇవన్నీ చెప్పాను. వారం తిరక్కుండానే వచ్చింది. "రాత్రి చపాతీలు పెడుతుంటే 'నాన్నకి మూడు, నాకు రెండే, నాకు తక్కువ' అని పేచీ పెట్టాడు మేడమ్" అంటూ నవ్వింది.

మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆనాటి దెబ్బ గుర్తే లేదంటుంది. నాకు మాత్రం చింతగింజలు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.