అమ్మింది పడవ కాదు... పటం!

తమిళ 'కట్టుమరం' ఇంగ్లిషులోకి వెళ్లి 'కాటమరాన్' అయింది. దుంగలు కట్టి వేటకెళ్లే మన తెప్ప లాంటిదే అది. పడమటి దేశాల్లో ఇప్పుడు ఆ పేరుతో పిలిచేది మాత్రం జంట పడవ. పక్కపక్కన రెండు పడవలు, మధ్య అడ్డదూలాలు, పైన తెరచాప! అందులోనే వండుకుని, నిద్రపోయి సముద్రాలు దాటేస్తారు.

ఇంగ్లండులో ఈ పడవలనగానే జేమ్స్ వ్యారమ్ పేరు చెబుతారు. మరి ఆయన వెంట నడిచిన ఆడవాళ్ల సంగతి?

ముగ్గురి సాహసం

'తంగరోవా' అనే 23 అడుగుల పైచిలుకు పడవను వ్యారమ్ సొంతంగా కట్టాడు. 1955లో అందులో ఆయనతోపాటు బయల్దేరింది ఇద్దరు జర్మన్ యువతులు... రూత్, యుట్టా. అట్లాంటిక్ దాటి ట్రినిడాడ్ చేరారు. యుట్టా అక్కడే బిడ్డను కంది. పాత పడవను పురుగు తినేస్తే, అక్కడే 40 అడుగుల 'రోంగో'ను కట్టుకున్నారు. 1959లో న్యూయార్క్ నుంచి ఐర్లండుకు వచ్చేశారు. కాటమరాన్ మీద ఉత్తర అట్లాంటిక్‌ను పడమర నుంచి తూర్పుకు దాటడం అదే మొదలు! రెండేళ్లకే, 1961లో, యుట్టా కన్నుమూసింది.

కాగితాలే సరుకు

1960ల్లో వ్యారమ్ పడవల పటాలు అమ్మడం మొదలుపెట్టాడు. పెద్ద పడవల షెడ్డు, కూలీలు అక్కర్లేదు. కొన్నవాళ్లే ప్లైవుడ్ తెచ్చి, పెరట్లోనో పాకలోనో కట్టుకుంటారు. చాలా నమూనాల్లో దూలాలను తాళ్లతోనే బిగిస్తారు. అలలకు పడవ కాస్త ఊగి సర్దుకుంటుంది. ముందుగా తక్కువ ధరకు 'స్టడీ ప్లాన్' కొని, ఎంత సామాను పడుతుందో చూసుకోవచ్చు. చేతనవుతుందనుకుంటేనే అసలు పటం!

ఆమె గీతలు

ఈ వ్యాపారంలో పటమే గురువు. అర్థం కాకపోతే ఖరీదైన చెక్క పాడైపోదూ! ఆ బాధ్యత తలకెత్తుకుంది నెదర్లాండ్స్‌కు చెందిన హానెకె బోన్. 1970ల్లో చేరి, గీసి గీసి, వ్యారమ్‌కు సహ రూపకర్త అయింది. ఏ ముక్క తర్వాత ఏది పెట్టాలో ఒక్కో బొమ్మలో కనబడుతుంది. వాళ్ల 21 అడుగుల నమూనా పడవలో ఓ నావికుడు 1991-97 మధ్య ప్రపంచాన్నే చుట్టొచ్చాడు! వాళ్లు సొంతానికి కట్టుకున్న 63 అడుగుల 'స్పిరిట్ ఆఫ్ గయా' 1992లో నీటిలో దిగింది.

రూత్ 2013లో, వ్యారమ్ 93వ ఏట 2021లో కన్నుమూశారు. అప్పటికి అమ్ముడైన పటాలు పదివేలు దాటాయి. పడవకు పేరు ఆయనదే కావచ్చు. కానీ ఏ దేశంలోనో ఓ ఇంటి పెరట్లో రంపం పట్టినవాళ్లకు దారి చూపేది ఆమె గీతే!