వీగన్ కేఫ్‌కి వెళ్తున్నారా..? ఆర్డర్ ఇచ్చే ముందు ఈ 5 ప్రశ్నలు అడగండి.. లేదంటే ఇబ్బందే..!

ఆదివారం మధ్యాహ్నం.. ఫ్రెండ్స్ అంతా కలిసి హైదరాబాద్‌లో లంచ్ ప్లాన్. బిర్యానీ బోర్ కొట్టిందని ఒకరు, డైట్‌లో ఉన్నానని ఇంకొకరు. చివరికి జూబ్లీహిల్స్‌లోనో, కొండాపూర్‌లోనో ఉన్న ఓ వీగన్ హెల్త్ కేఫ్‌కి ఫిక్స్ అయ్యారు. మెనూ చూస్తే అన్నీ కొత్త పేర్లే.. బాదం పాల స్మూతీ, జీడిపప్పు చీజ్ పిజ్జా, టోఫు బౌల్, పనసకాయ బర్గర్. "వీగన్ కదా.. ఏది తిన్నా ఆరోగ్యమేలే" అని ఆర్డర్ ఇచ్చేస్తాం. సరిగ్గా అక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఎందుకంటే వీగన్ అనే మాట ప్లేటులో ఏం లేదో మాత్రమే చెబుతుంది. ఏం ఉందో మనమే అడిగి తెలుసుకోవాలి.

వెజ్ వేరు.. వీగన్ వేరు

మన ఇళ్లలో వెజ్ అంటే మాంసం, చేప, గుడ్డు లేనిది. పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, పన్నీర్ అన్నీ వెజ్ కిందకే వస్తాయి. తేనె కూడా అంతే. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉన్నంత మాత్రాన అది వీగన్ అనుకోవడానికి లేదు.

వీగన్‌లో మాత్రం జంతువుల నుంచి వచ్చేది ఏదీ ఉండకూడదు. పాలు లేవు, నెయ్యి లేదు, తేనె కూడా లేదు. ఈ మాట పుట్టింది 1944లో. బ్రిటన్‌కు చెందిన డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వీగన్ సొసైటీని మొదలుపెట్టినప్పుడు ఇది వాడుకలోకి వచ్చింది.

మన దేశంలో దీనికంటూ రూల్స్ 2022లో వచ్చాయి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వీగన్ ఫుడ్స్ నిబంధనలు నోటిఫై చేసింది. తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధిత పదార్థం వాడకూడదు. ప్యాకెట్ల కోసం ప్రత్యేకంగా ఓ లోగో కూడా తెచ్చారు. ఆకుపచ్చ రంగులో 'వి' అక్షరం, దాని మీద చిన్న ఆకు ఉంటుంది.

అయితే కేఫ్ మెనూలో కనిపించే 'వి' గుర్తు, ఈ లోగో ఒకటే అనుకోవద్దు. చాలా మెనూల్లో 'వి' అంటే వెజిటేరియన్ అని మాత్రమే అర్థం. వెజ్, వీగన్ రెండూ అమ్మే చోట ఈ కన్ఫ్యూజన్ మరీ ఎక్కువ.

అలర్జీ ఉన్నవాళ్లు తస్మాత్ జాగ్రత్త..!

ఇది రుచికి సంబంధించిన విషయం కాదు. ప్రాణానికి సంబంధించింది. పాల అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు వీగన్ బోర్డు చూసి 'హమ్మయ్య' అనుకుంటారు. కానీ పాలు వాడలేదు అనడం వేరు, పాలు అస్సలు తగల్లేదు అనడం వేరు. ఒకే మిక్సీ, ఒకే పెనం, ఒకే గరిటె వాడితే చాలు.. కొంచెం కలిసిపోవచ్చు.

ఇలాంటి విషాదం నిజంగానే జరిగింది. 2017 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఓ మహిళ బయట కొన్న ర్యాప్ తిన్నారు. ఆమెకు పాలంటే తీవ్రమైన అలర్జీ. అందులో వాడింది పాలు లేని కొబ్బరి పెరుగే. అయినా తిన్న తర్వాత ఆమె కుప్పకూలి ప్రాణాలు కోల్పోయారు. ఆ కొబ్బరి పెరుగులో పాల ప్రోటీన్ కలిసిందని 2022లో జరిగిన విచారణలో తేలింది. పెరుగు తయారీకి వాడిన స్టార్చ్ ఫ్యాక్టరీలోనే కలుషితమైంది. అంటే ర్యాప్ అమ్మినవాళ్ల చేతికి వచ్చేసరికే తప్పు జరిగిపోయింది.

ఇంకో విషయం. పాలు తీసేసిన చోట వీగన్ వంటల్లో ఎక్కువగా వచ్చేవి జీడిపప్పు, బాదం, పల్లీలు, సోయా. ఇవి కూడా అలర్జీ తెచ్చే ఆహారాల లిస్టులోనే ఉన్నాయి. మాంసం బదులు వాడే సీటన్ అయితే పూర్తిగా గోధుమ గ్లూటెన్‌తో చేసేది. గ్లూటెన్ పడనివాళ్లు దాని జోలికి వెళ్లకూడదు.

10 లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల బ్రాంచీలున్న రెస్టారెంట్లు, సెంట్రల్ లైసెన్స్ ఉన్నవి మెనూలో క్యాలరీలు చూపించాలి, అలర్జీ వివరాలు కూడా ఇవ్వాలి. 2022 జులై నుంచి ఇది అమల్లో ఉంది. కానీ ఒకే బ్రాంచి ఉన్న చిన్న కేఫ్‌కి ఈ రూల్ వర్తించకపోవచ్చు. అక్కడ అడగాల్సింది మనమే.

తిన్నాక పెదాలు వాయడం, ఒంటి మీద దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరం, గ్యాస్ మాత్రమే వచ్చేవాళ్ల సమస్య వేరు. అది లాక్టోజ్ అరగకపోవడం. అలాంటివాళ్లకు వీగన్ కేఫ్ నిజంగానే మంచి ఆప్షన్.

ప్రోటీన్ ఎంత..? షుగర్ ఎంత..?

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ లెక్క ప్రకారం ఒక కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోలున్న వ్యక్తికి సుమారు 50 గ్రాములు. ఇప్పుడు కేఫ్ మెనూ చూద్దాం.

ఒక గ్లాసు ఆవు పాలలో 6 నుంచి 8 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. సోయా పాలలో కూడా దాదాపు అంతే. బాదం పాలలో మాత్రం 1 గ్రాము దగ్గరే ఆగిపోతుంది. పనసకాయ ముక్కలు చికెన్‌లా అనిపిస్తాయి కానీ 100 గ్రాములకు 2, 3 గ్రాముల ప్రోటీనే. కాబట్టి కడుపు నిండే భోజనం కావాలంటే టోఫు, శనగలు, రాజ్మా, మీల్‌మేకర్ ఉన్న ఐటమ్ చూసుకోవడం బెటర్.

షుగర్ విషయంలోనూ అంతే. 'నో వైట్ షుగర్' అని బోర్డు ఉంటుంది. దాని బదులు బెల్లం, ఖర్జూరం సిరప్, మేపుల్ సిరప్ వేస్తారు. ఇవన్నీ చక్కెర లెక్కలోకే వస్తాయి. ఇలా విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే దాదాపు 6 టీస్పూన్లు.

ఇక కొబ్బరి నూనె, కొబ్బరి క్రీమ్‌తో చేసే కేకులు. నెయ్యి లేదు కదా అని లాగించేస్తాం. కానీ కొబ్బరి నూనెలో 80 శాతానికి పైగా సంతృప్త కొవ్వే. ఈ విషయంలో నెయ్యి కన్నా కొబ్బరి నూనెలోనే ఎక్కువ.

పూర్తిగా వీగన్ అవుతున్నారా..? బి12 మర్చిపోవద్దు

నెలకోసారి వీగన్ కేఫ్‌కి వెళ్తే ఏ నష్టమూ లేదు. పాలు, పెరుగు కూడా పూర్తిగా మానేసేవాళ్లు మాత్రం విటమిన్ బి12 గురించి ఆలోచించాలి. ఇది సహజంగా దొరికేది మాంసం, చేప, గుడ్డు, పాలలోనే. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 2 మైక్రోగ్రాములకు కాస్త పైన.. చాలా తక్కువే. కానీ అదీ అందకపోతే రక్తహీనత, చేతులు కాళ్లలో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు రావచ్చు. లివర్‌లో నిల్వ ఉండటం వల్ల లోపం బయటపడటానికి ఏళ్లు పట్టొచ్చు. అందుకే 'నేను బాగానే ఉన్నా కదా' అనుకుంటారు.

స్పిరులినా స్మూతీ తాగితే బి12 వచ్చేస్తుందని కొందరు నమ్ముతారు. అందులో ఉండేది ఎక్కువగా మన శరీరానికి పనికిరాని రకం. బి12 కలిపిన ఆహారం గానీ, డాక్టర్ సలహాతో ట్యాబ్లెట్లు గానీ తీసుకోవాల్సిందే.

మన వంటింట్లోనే వీగన్..

నిజానికి వీగన్ మనకు కొత్తేం కాదు. నూనెతో కాల్చిన పెసరట్టు, అల్లం చట్నీ, జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, పులిహోర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర.. పైన నెయ్యి వేయకపోతే ఇవన్నీ వీగనే. కేఫ్‌లో పనసకాయ బర్గర్ చూసి ఆశ్చర్యపోయేవాళ్లు గోదావరి జిల్లాల్లో పెళ్లి భోజనం ఒక్కసారి గుర్తు తెచ్చుకుంటే చాలు.

ఆర్డర్ ఇచ్చే ముందు ఈ 5 అడగండి

1. అన్నా, ఇక్కడ అన్నీ వీగనేనా? లేక కిచెన్‌లో పాలు, నెయ్యి కూడా వాడతారా?

2. ఇందులో తేనె గానీ, బ్రెడ్‌లో పాలపొడి గానీ ఉందా?

3. చీజ్, పెరుగు దేంతో చేశారు? జీడిపప్పా, పల్లీనా, సోయానా?

4. స్మూతీలో ఏ పాలు పోస్తారు? సిరప్ లేకుండా ఇస్తారా?

5. మాకు ఫలానా అలర్జీ ఉంది.. విడిగా కడిగిన మిక్సీలో, పెనం మీద చేసి ఇవ్వగలరా?

వెయిటర్‌కి తెలియకపోతే చెఫ్‌ని అడిగి రమ్మనండి. మొహమాటం అక్కర్లేదు. మంచి కేఫ్ అయితే విసుక్కోకుండా చెబుతుంది. ముఖ్యంగా తీవ్రమైన అలర్జీ ఉన్నప్పుడు "ఏం కాదులే సార్" అనే సమాధానం వస్తే.. ఆ ఐటమ్ వదిలేయడమే మంచిది.