అమరావతి రాయి క్వారీదా, గనిదా?

అమరావతి మహాచైత్యానికి పొదిగిన శిల్ప ఫలకాలు పల్నాటి సున్నపురాయి. 'అమరావతి మార్బుల్స్' అన్న పేరుతో చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నా అవి పాలరాయి కావు. ఆ రాయి పుట్టిన చోటు క్వారీ అంటాను, గని అనను. ఎందుకని?

అక్కడ కావలసింది రాయే కాబట్టి. శిల్పికి పగులు లేని పలక కావాలి. పల్నాటి సున్నపురాయి పొరలు పొరలుగా, చాలాచోట్ల నేలకు దగ్గరలోనే ఉంటుంది. పైమట్టి తీసేస్తే, పొరల సందున గునపం దించి పలకను లేపవచ్చు. మాచర్ల, దాచేపల్లి వైపు ఇళ్లలో పరిచే నాపరాయీ అలాంటిదే. గట్టిగా మందు పెట్టి పేలిస్తే పలకలు బీటలు వారతాయి, సరుకంతా పాడవుతుంది.

వినుకొండ అవతల బండ్లమోటులో పని వేరు. అక్కడ హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం కోసం భూగర్భ గని నడిపింది, అది మూతపడింది. అక్కడ రాయి ఎవరికీ అక్కర్లేదు, రాతిలో కొద్దిపాటిగా ఉన్న సీసపు ఖనిజం కావాలి. దానికోసం కొండంతా తవ్విపోస్తే గిట్టదు. అందుకే ఖనిజం ఎటు పోతే అటు సొరంగం తొలుచుకుంటూ వెళ్లారు. తీసిన రాయిని పిండి చేస్తేగాని ఖనిజం వేరుపడదు.

అలాగని సొరంగం ఉంటేనే గని అనుకోకూడదు. సింగరేణిలో ఆకాశం కనిపించే ఓపెన్‌కాస్ట్ గనులు ఎన్నో ఉన్నాయి. బ్రిటన్ 1954 చట్టం మాత్రం నేల కిందిది గని, పైనది క్వారీ అని విడదీసింది. 2025 దాకా అమల్లో ఉన్న మన 1952 గనుల చట్టం ఆ గీత గీయలేదు. ఖనిజం కోసం తవ్వే ఏ గుంతైనా దాని దృష్టిలో గనే, నాపరాళ్ల క్వారీతో సహా.

లీజు దగ్గర 2025 దాకా లెక్క మళ్లీ మారేది. పిడుగురాళ్ల బట్టీల్లో ఇళ్ల సున్నం కోసం కాల్చే రాయి చిన్న తరహా ఖనిజంగా లెక్కకొచ్చేది. రాష్ట్ర నిబంధనల కింద క్వారీ లీజు ఇచ్చేవారు. అదే సున్నపురాయి మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీకి వెళితే ప్రధాన ఖనిజం అయ్యేది. కేంద్రం నిబంధనల ప్రకారం మైనింగ్ లీజు కావలసి వచ్చేది. రాయి ఒకటే, వాడకాన్ని బట్టి చట్టం మారేది.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది కూలీల సంగతి. సున్నపురాయి, ఇళ్లరాయి వంటివి తీసే క్వారీలో లోతు 6 మీటర్లు మించకుండా, ఏ రోజూ 50 మందికి మించి పనిచేయకుండా, పేలుడు పదార్థాలు వాడకుండా ఉంటే 1952 చట్టంలోని చాలా నిబంధనలు వర్తించేవి కావు. 5 మీటర్ల గట్టు విరిగిపడినా మనిషి బతకడం కష్టమే. అందుకే ఈ మినహాయింపు నాకు మింగుడుపడదు. అయితే ఆ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా మినహాయింపు పోయేది. ఒక్క తూటా పేల్చినా ఆ యజమాని గని యజమానే, కూలీల రక్షణ బాధ్యత పూర్తిగా అతనిదే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను పనిలోకి దించకూడదన్న నిబంధన మాత్రం ఎంత చిన్న క్వారీకైనా ఉండేది.