లాప్‌టాపునకు బదులు ట్యాబ్లెటు చాలునా?

బిడ్డ చదువునకు లాప్‌టాపు కొనవలెనా, ట్యాబ్లెటు చాలునా యని తలిదండ్రులు పలువురు మమ్ము నడుగుచున్నారు. 2010లో ఆపిల్ వారి ఐప్యాడు వెలువడినప్పుడు అది ముఖ్యముగాఁ జదువుటకును జూచుటకును దగియుండెను. 2015లో వచ్చిన ఐప్యాడ్ ప్రోకు మూఁతవలె మడచు కీబోర్డును, వ్రాఁతకోలయు వేఱుగా నమ్మిరి. 2020లో ట్రాక్‌ప్యాడును వాడుటకు వీలు గలిగెను. కావునఁ బాఠములు చదువుట, వ్యాసములు వ్రాయుట, పటములు గీయుట దీనితో సుకరముగా జరుగును.

అయినను విండోసు కొఱకుఁ జేసిన ప్రోగ్రాములు ఐప్యాడున నున్నవి యున్నట్లు నడువవు. కీబోర్డు వెల చేర్చినచో మొత్తము వ్యయము లాప్‌టాపు వెలకు సమము కావచ్చును. ప్రోగ్రాములు వ్రాయ నేర్చు విద్యార్థికి లాప్‌టాపే తగును.

బాలబాలికలారా! మీరు చేయవలసిన పనులను ముందుగాఁ గాగితముపై వ్రాసి తలిదండ్రులకుఁ జూపుఁడు, పిమ్మటఁ గొనుఁడు. వారు చెమటోడ్చి యార్జించిన ధనము వ్యర్థము కాకుండవలెనని మా కోరిక.