బీరువాలో ఆకుకూర మడి

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల మొక్కకు చోటు దొరకడం కష్టం. కొత్త జాలారిపేట నుంచి వన్‌టౌన్ సందుల దాకా ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. పెరడన్న మాటే లేదు. డాబా ఉన్నా ఎండుచేపలకూ వలలకూ బట్టలకూ పోగా మిగిలేది ఒక మూల. అక్కడ కుండీ పెడితే ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడతాయి, పోర్టు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము వాటి మీద పేరుకుంటుంది. తుఫాను భయం ఉండనే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊళ్లో మహావృక్షాలనే కూకటివేళ్లతో పెకలించింది, కుండీలొక లెక్కా! ఇలాంటి చోట ఇంట్లో మూలపడ్డ పాత బీరువాలోనో చెక్క అలమరలోనో దీపాలూ చిన్న ఫ్యానూ బిగించి ఆకుకూరలు పెంచుకోవడం వినడానికి విడ్డూరంగా ఉన్నా, పనికొచ్చే ఆలోచనే. అయితే ఈ పద్ధతిని చెప్పేవాళ్లు రెండు గుణాలను ఒకే గాటన కట్టేస్తుంటారు: చప్పుడు చేయకూడదు, ఎవరి కంటా పడకూడదు. ఈ రెండింటికీ పొత్తు లేదు. చప్పుడు లేకపోవడం మంచి పనితనానికి గుర్తు. దాపరికం, అందులోనూ విశాఖ గాలిలో, పంటను పాడుచేసే లోపం.

బయటి గాలి సోకకుండా మొక్కను పెట్టెలో పెట్టడం కొత్త సంగతేం కాదు. అది కూడా ఒక రేవు పక్కనే పుట్టింది. లండన్ రేవులకు దగ్గర్లో, వెల్‌క్లోజ్ స్క్వేర్‌లో కాపురమున్న వైద్యుడు నథానియల్ వార్డ్‌కు ఫెర్న్ మొక్కలంటే ప్రాణం. బొగ్గుపొగకు అవి ఎన్నిసార్లు నాటినా చచ్చేవి. 1829లో ఆయన ఒక చిమ్మట ప్యూపాను గమనిద్దామని సీసాలో తడిమట్టి వేసి మూత బిగించాడు. ప్యూపా సంగతి అటుంచితే, ఆ మట్టిలోంచి ఒక ఫెర్నూ ఒక గడ్డిమొక్కా మొలిచి ఏళ్ల తరబడి బతికాయి. 1833లో ఆయన గాజుపెట్టెలు రెండు, నిండా మొక్కలతో, ఓడ మీద సిడ్నీకి చేరాయి. విశాఖ లోపలి రేవు తెరుచుకోవడానికి సరిగ్గా వందేళ్ల ముందు మాట ఇది. తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కలను హిమాలయపు తోటలకు చేర్చిందీ ఇలాంటి పెట్టెల్లోనే. రేవు ఊరి మసిలో మొక్క బతకాలంటే దాని చుట్టూ గోడ కట్టాలన్న వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

వార్డ్ పెట్టె మూసి ఉన్నా పనిచేసింది కదా, మన బీరువానూ బిర్రుగా మూసేస్తే పోలేదా అని ఎవరైనా అడగొచ్చు. ఫెర్న్ నీడపట్టున నింపాదిగా బతికే మొక్క. ఏడాదికి నాలుగాకులు వేసినా దానికి చాలు. పది రోజుల్లో కోతకు రావలసిన మెంతి, ఆవ, ముల్లంగి మొలకలకు అంత తీరిక లేదు. మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, ఆరడుగుల ఎత్తున్న బీరువాలో పట్టే గాలి ముప్పాతిక ఘనమీటరు. అందులోని కార్బన్ డయాక్సైడ్ అర గ్రాముకు కాస్త పైన. రెండు అరల నిండా దట్టంగా ఎదిగిన మొలకలు దీపం వెలుగులో ఒకటి రెండు గంటల్లోనే దాన్ని చాలామటుకు తీసేసుకుంటాయి. ఆ తర్వాత దీపం వెలుగుతూనే ఉంటుంది, కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది, మొక్క మాత్రం ఎదగదు. పైగా లండన్ చలి వేరు, మన ఉక్కపోత వేరు.

ఉక్కపోత సంగతే అసలు సంగతి. రెండు అరలకు కలిపి ఆరు పదివాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు, రెండడుగులవి, బిగించామనుకుందాం. మొలకలకు ఆ వెలుగు చాలు. ఆ 60 వాట్లూ చివరికి వేడిగానే తేలతాయి. గది కంటే బీరువా లోపల మూడు డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే గంటకు దాదాపు 60 ఘనమీటర్ల గాలి పోవాలి, రావాలి. అంటే లోపలి గాలంతా నిమిషానికి ఒకసారికి పైగానే మారిపోవాలి. ఇక్కడో చిన్న మేలు కూడా ఉంది. 30 డిగ్రీల గదిలో తేమ 80 శాతం ఉంటే ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉన్నట్టు. అదే గాలి బీరువాలోకి వెళ్లి 33 డిగ్రీలకు వేడెక్కితే, ఆవిరి తగ్గకపోయినా, తేమ శాతం 68కి దిగుతుంది. బూజుకు అది గిట్టదు. విశాఖలో బయటి గాలి దానంతటది ఆరబెట్టలేదు గనక, దీపం వేడే ఆ పని చేసిపెడుతుంది. కానీ దీపం ఆర్పి ఫ్యాను కూడా ఆపేస్తే, తడి ట్రేల నుంచి లేచిన ఆవిరి ఎటూ పోలేక తెల్లారేసరికి రేకు మీద చెమటలా పడుతుంది, మొలకల మొదళ్లు కుళ్లుతాయి. అందుకే దీపానికి విరామం ఉండాలి గానీ ఫ్యానుకు ఉండకూడదు. దీపాలు వేయడానికి కూడా రాత్రే మేలు: గది చల్లగా ఉండేది అప్పుడే, వేసవి మధ్యాహ్నం 60 వాట్ల వేడిని తోసేయడానికి చల్లగాలి ఎక్కడినుంచి తెస్తాం?

రాత్రి నడపాలన్నప్పుడు చప్పుడు ముందుకొస్తుంది. ఒకే గది ఇంట్లో, తెల్లవారుజామున రెండింటికో మూడింటికో లేచి జెట్టీకి వెళ్లవలసిన మనిషి పక్కన గుర్రుమనే పెట్టె ఉంటే వారం తిరక్కుండా దాన్ని తీసి వీధిలో పెడతారు. కేంద్ర ప్రభుత్వం 2000లో తెచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. మనకు అంతకంటే బాగా తక్కువ కావాలి. ఇందులో మర్మమంతా ఫ్యాను సైజులో ఉంది. చిన్న ఫ్యానును గిరగిరా తిప్పే బదులు 12 సెంటీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు తెచ్చి సగం వేగంతో తిప్పాలి. వేగం సగమైతే గాలి సగమే తగ్గుతుంది. చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, కరెంటు ఎనిమిదో వంతుకు దిగుతుంది. ఆపై మిగిలేది అదురు. ఫ్యానును నేరుగా రేకుకు మరలతో బిగిస్తే బీరువా మొత్తం ఒక డప్పవుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి వాటి మీద వేలాడదీస్తే ఆ అదురు రేకుదాకా చేరదు. గాలి కింద నుంచి వచ్చి పైనుంచి పోవాలి, లోపలికొచ్చే కన్నం ఫ్యాన్ల మొత్తం వైశాల్యానికి రెట్టింపైనా ఉండాలి. కన్నం ఇరుకైతే గాలి ఈల వేస్తుంది. దానికి దోమతెర, దాని మీద పల్చటి నూలుగుడ్డ కట్టి వారానికోసారి ఉతకాలి. ఉతికిన నీళ్లు ఏ రంగులో ఉన్నాయో చూస్తే మొక్కల్ని డాబా మీంచి ఎందుకు దింపామో తెలుస్తుంది.

దాపరికం కోరుకునేవాడు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటాడు. కన్నాలు కనిపించకూడదని వాటిని చిన్నవి చేస్తాడు. వెలుగు బయటికి పొక్కకూడదని, వాసన రాకూడదని అడ్డు మీద అడ్డు పెడతాడు. ప్రతి అడ్డుకూ ఫ్యాను మీద బరువు పెరుగుతుంది, వేగం పెంచాల్సి వస్తుంది, పెంచితే మోత. కనిపించకుండా చేద్దామనుకున్నది ఇల్లంతటికీ వినిపిస్తుంది. గాలాడేలా బాహాటంగా కోసిన బీరువాయే నిశ్శబ్దంగా ఉంటుంది.

బీరువా దేనితో చేసిందన్నది కూడా తేడా చేస్తుంది. టేకు అలమర అన్నిటికంటే మేలు. చెమ్మను ఓర్చుకుంటుంది, అదురును మింగేస్తుంది. పొట్టు కలిపి అదిమిన పలకలతో చేసిన అలమర ఒక్క వానాకాలానికే అంచులు ఉబ్బి పొరలు పొరలుగా లేస్తుంది, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. ఇనప బీరువా ఎక్కువమంది ఇళ్లలో ఉండేది, చవకగా దొరికేది. (ఉక్కు ఊరు కదా, రేకు ఇక్కడిదే అనుకోవద్దు, విశాఖ ఉక్కు కమ్మీలు, తీగచుట్టల లాంటివి చేస్తుంది గానీ పల్చటి రేకు చేయదు.) కన్నం కోసిన చోట రంగు పోయి రేకు బయటపడుతుంది, హార్బర్ గాలికి అక్కడినుంచే తుప్పు మొదలవుతుంది. కోసిన వెంటనే రెడ్ ఆక్సైడ్ పూయాలి. అన్నిటికంటే ముఖ్యం, నీళ్లూ కరెంటూ ఒకే ఇనప పెట్టెలో ఉన్నాయన్న స్పృహ. ఫ్యాన్లు 12 వోల్టులవి వాడి అడాప్టరు బయట పెట్టాలి, బీరువా రేకుకు ఎర్త్ వైరు కలపాలి, ఆ లైనుకు కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. వీటికి డబ్బు లేదంటే ఇనప బీరువా ఆలోచన మానుకోవడమే ఉత్తమం.

ఇంత చేసి పెంచేదేమిటి, రైతుబజారులో కొత్తిమీర కట్ట చవగ్గా రాదా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పుకోవాలి. వస్తుంది. దీపాలు రోజుకు పన్నెండు గంటలు, ఫ్యాన్లు రోజంతా నడిస్తే నెలకు పాతిక యూనిట్ల దాకా అవుతుంది. యూనిట్ ఆరు రూపాయలు వేసుకున్నా నూటయాభై. తోటకూర, పాలకూర లాంటి కూరలు ఈ లెక్కలో ఎప్పటికీ గిట్టవు, వంకాయ టమాటా మాట ఎత్తనే వద్దు. గిట్టేది బజారులో దొరకనిది, దొరికినా ఇంటికొచ్చేలోపు వాడిపోయేది: రెండాకుల లేత మొలక. ఇదేదో విదేశీ వేషమని కొట్టిపారేయనక్కర్లేదు. పెళ్లిలో పాలికల్లో నవధాన్యాలు మొలిపించడం మనకు తెలిసిన పనే. ముంబయి తీరంలో ఇసుకలో మొలిపించిన బుల్లి మెంతికూరను సముద్ర మెంతి పేరుతో కట్టలు కట్టి అమ్ముతారు. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం, అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 2012లో పాతిక రకాల లేత మొలకలను పరీక్షించి, బరువుకు బరువు చూస్తే ముదురాకుల కంటే వీటిలో కొన్ని విటమిన్లు చాలా ఎక్కువని తేల్చారు. అయితే మనిషి మొలకలు తినేది గుప్పెడు, కూర తినేది గిన్నెడు. ఆ తేడా మరిచి వీటిని మందులా అమ్మేవాళ్లను నమ్మకూడదు. విత్తనం పోపుడబ్బాలోదే చాలు. పొలంలో వేయడానికి మందు పట్టించి అమ్మే విత్తనం మాత్రం తినే మొలకకు పనికిరాదు. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది గనక రెండు మూడుసార్లు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి. సముద్రం ఇంత దగ్గర్లో బోరునీళ్లు ఉప్పగా ఉంటే ఆ కడుగుడు కూడా వృథా. కుళాయి నీళ్లే వాడాలి. హార్బర్‌లో చేప వ్యర్థాలకు కొదవ లేదు కదా అని బెల్లం కలిపి మీనామృతం చేసి లోపల పోస్తారేమో, అది పొలంలో బంగారమే గానీ మూసిన గదిలో ముక్కు బద్దలవుతుంది. పది రోజుల మొలకకు విత్తులో ఉన్న బలమే సరిపోతుంది.

వేసవిలో ఈ లెక్క తలకిందులవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు జెట్టీలో, మనుషులు ఇళ్లలో. చేతిలో తీరిక ఉన్న ఆ రోజుల్లోనే గది వేడి 34 డిగ్రీలు దాటి మొలకలు నిలవవు. అప్పుడు దీపాలు విప్పేసి అదే బీరువాలో పాల పుట్టగొడుగులు వేసుకోవచ్చు. బెంగాల్‌లో దొరికిన ఈ రకాన్ని 1974లో శాస్త్రవేత్తలు నమోదు చేశారు. 1998లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏపీకే2 పేరుతో సాగుకు విడుదల చేసింది. 30 నుంచి 35 డిగ్రీల వేడి, 80 శాతం పైన తేమ దీనికి ఇష్టం. అంటే మనల్ని ఉడికించే గాలే దానికి పుట్టిల్లు. వరిగడ్డిని ముక్కలు చేసి నానబెట్టి, 80 డిగ్రీల పైన వేడినీళ్లలో గంటసేపు ఉంచి, చల్లార్చి, విత్తనం కలిపి సంచుల్లో నింపాలి. తెల్లటి బూజు గడ్డంతా అల్లుకున్నాక పైన శుద్ధిచేసిన మట్టి పొర వేయాలి. ఇక్కడ కూడా గాలి తప్పదు, కారణమే మారుతుంది: పుట్టగొడుగు కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, అది లోపల నిండితే కాడ సాగి గొడుగు మరుగుజ్జవుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగులను చలికాలంలో పెంచొచ్చు గానీ, వాటి గొడుగులు విప్పారితే రాలే సూక్ష్మమైన బీజాలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. పడకగదిలో వాటిని పెట్టనే కూడదు, పెట్టిన చోట గొడుగు అంచు కిందికి వంగి ఉండగానే కోసెయ్యాలి.

ఇక దాచడం గురించి చివరి అభ్యంతరం: అద్దె ఇల్లు, ఇంటి ఓనరు ఏమంటారో, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో, కనిపించకపోతేనే మంచిది కదా! ఈ భయానికి అర్థముంది, కానీ విశాఖలో దాని ఫలితం తిరగబడుతుంది. ఏజెన్సీ గంజాయి ఉమ్మడి విశాఖ జిల్లా పేరుకు పట్టిన మచ్చ. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరిట పోలీసులు మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి మొక్క పెంచడానికి పదేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది, ఇంట్లో పెంచినా పొలంలో పెంచినా ఒకటే. మూసిన బీరువా సందుల్లోంచి రాత్రంతా వెలుగు కనిపిస్తుంటే చూసినవాళ్లకు మెంతికూర తట్టదు. ఓనరుకు ముందే చెప్పి, గోడకు ఎక్కడా మేకు కొట్టకుండా, తలుపు మధ్య రేకు కోయించి యాక్రిలిక్ పలక బిగిస్తే ఆ అనుమానమూ ఉండదు, తలుపు తీయకుండానే ఏ ట్రే ఎండిందో, ఎక్కడ బూజు పట్టిందో కనిపిస్తుంది. నిద్రకు వెలుగు అడ్డమైతే పలక మీద ఒక పాత చీర ముక్క చాలు, కింది కన్నానికీ పై కన్నానికీ అది తగలకుండా ఉంటే సరి.