మీకు తెలుసా? అద్దకానికి ఒక ‘ఇ’ ఎక్కువ

సూరత్‌లో పాండేసర పారిశ్రామికవాడ వైపు వెళ్తే వరసగా కనిపించేవి ‘డైయింగ్ అండ్ ప్రింటింగ్’ బోర్డులే. తెలుగులో రాస్తే పేచీ లేదు. తిరకాసంతా ఇంగ్లిషులోనే. డి, వై పక్కన ‘ఇ’ ఉంటే రంగులద్దుతున్నారని. అది ఊడిందా, మిల్లు కొనఊపిరితో ఉందని!

మేక్, రైట్ లాంటి క్రియలకు ‘ఇంగ్’ తగిలిస్తే చివరి ‘ఇ’ ఎగిరిపోతుంది. రంగు వేసే ‘డై’కి మాత్రం దాన్ని అట్టేపెట్టారు, చావుతో కలిసిపోకుండా. ఈ జాగ్రత్త మరీ పాతదేం కాదు. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో చావడానికీ, రంగు వేయడానికీ ఒకటే స్పెల్లింగు: డి-ఐ-ఇ. అంతకుముందు ఆంగ్ల వ్యాసకర్త జోసెఫ్ ఆడిసన్ రెండింటినీ డి-వై-ఇ అనే రాసేవాడు. ఇవి గట్టిగా వేరుపడింది 19వ శతాబ్దంలోనే. 1611లో మన బందరులో, 1613లో సూరత్‌లో కొట్లు తెరిచి రంగుబట్టలు కొన్న ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలకు ఈ బెడద లేదన్నమాట.

మిల్లు పనుల్లో ఈ ‘ఇ’ ఇంకోచోటా తగులుతుంది. బట్ట మీది నూగును మంటకు చూపించి కాల్చేయడం ‘సింజింగ్’. అందులో ‘ఇ’ మరిచిపోతే అది ‘సింగింగ్’ అయి, బట్ట పాట అందుకుంటుంది. అచ్చువేసిన రంగు నిలవడానికి ఆవిరి పట్టించడం ‘ఏజింగ్’. వయసు మీదపడటమూ అదే మాట. దీంట్లో బ్రిటిష్‌వాళ్లు ‘ఇ’ ఉంచుతారు, అమెరికన్లు తీసేస్తారు. మన బళ్లలో నేర్పేది బ్రిటిష్ పద్ధతి.

కరడుగట్టినవాణ్ణి ఇంగ్లిషులో ‘డైడ్ ఇన్ ద వుల్’ అంటారు. వడకకముందే ఉన్నికి రంగేస్తే అంత తేలిగ్గా వదలదు కదా! సూరత్‌లో ఎక్కువగా నడిచేది పాలిస్టర్. అది మొండిఘటం. మరిగే నీళ్లలో వేసినా రంగు సరిగా పట్టదు. జెట్ మెషీన్‌లో ఒత్తిడి పెట్టి దాదాపు 130 డిగ్రీలకు కాచాల్సిందే. లేదంటే దారం తీయకముందే, కరిగిన పాలిస్టర్‌లోనే రంగు కలిపేస్తారు. దాని పేరు ‘డోప్ డైడ్’. ఉన్ని లేకపోయినా నుడికారం అతికినట్టు సరిపోయింది.

అన్నట్టు, సూరత్‌లోనే లింబాయత్‌లో స్థిరపడిన మన పద్మశాలీల మరమగ్గాల మీంచి దిగే, ఇంకా రంగు పడని బట్టను బజార్లో ‘గ్రే’ అంటారు. బూడిదరంగేమో అనుకునేరు, చూస్తే తెల్లగానే ఉంటుంది.