గురి చూసే ఇంట్లో గుళికల పెట్టె

తుపాకీ గురి అంటే ఒకప్పుడు జమీందార్ల సరదా, కాకపోతే పోలీసుల ఉద్యోగం. ఆ మాటకీ మన ఆడపిల్లలకీ సంబంధమే లేదనుకునేవాళ్లం. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్ పోటీల్లో ఒక స్వర్ణంతో కలిపి నాలుగు పతకాలు తెచ్చింది. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో హర్యానా పిల్ల మను భాకర్ రెండు కాంస్యాలు గెలుచుకుంది. ఇవన్నీ టీవీలో చూసిన పిల్లలు "అమ్మా, నేనూ షూటింగ్ నేర్చుకుంటా" అనడంలో వింతేముంది?

మరి రేంజ్ ఏదీ? చాలా ఊళ్లల్లో ఉండదు. వారానికోసారి బస్సెక్కి పట్నం వెళ్లొచ్చినా మిగతా ఆరు రోజుల సాధన ఇంటి దగ్గరే చేసుకోవాలి. ఎయిర్‌గన్ కొనేటప్పుడు ధర గురించి పది షాపులు తిరుగుతాం కానీ, పేల్చిన గుళిక ఎక్కడికి పోతుందని ఒక్కసారైనా అడగం. అసలు అడగాల్సిన ప్రశ్న అదే!

గోడకి కాగితం అంటిస్తే చాలదా?

చాలదు. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గుళిక 4.5 మిల్లీమీటర్ల సీసపు ముక్క. బరువు అర గ్రామే. కానీ గొట్టంలోంచి సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో వస్తుంది. అంటే గంటకి 600 కిలోమీటర్ల పైమాటే. సిమెంటు గోడకో రాతికో తగిలితే ముక్కలై, అందులో కొన్ని వెనక్కి ఎగిరొస్తాయి. కంటికి తగిలితే చూపు పోతుంది. గోడ మీద డబ్బా పెట్టి కొట్టడమూ ఇంతే ప్రమాదం. అందుకే గుళికని పట్టి లోపలే ఉంచుకునే పెట్టె ఒకటి తప్పనిసరి. బజార్లో ఇనుప పెట్టెలు దొరుకుతాయి. వాటిలో ఏటవాలుగా ఉన్న రేకుకి తగిలి గుళిక కిందకి జారుతుంది. ఇంటి మటుకు గుడ్డలు కూరిన చెక్క పెట్టే మేలు. గుళిక పగలకుండా గుడ్డల్లోనే ఆగిపోతుంది గనక సీసం పొడి రేగదు. చప్పుడూ తక్కువే.

తయారుచేద్దామా?

కావలసినవి: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు, వెల్డింగ్ షాపులో కోయించిన 3 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు ఒకటి, స్క్రూలు, దళసరి అట్ట, పాత బట్టలు.

వడ్రంగి చేత అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు ఉండేలా, ముందు వైపు మూత లేని పెట్టె కొట్టించండి. లోపల వెనక గోడకి ఇనుప ప్లేటు బిగించాలి. గుడ్డల్ని దాటుకుని ఏ గుళికైనా వచ్చిందే అనుకోండి, అప్పటికే నీరసించిపోయి ప్లేటు దగ్గర ఆగుతుంది. గుడ్డలు లేకుండా ఆ ప్లేటు మీద నేరుగా ఎప్పుడూ పేల్చకూడదు. తిన్నగా నిలబడిన ఇనుము గుళికని తిన్నగా మీ మీదకే పంపిస్తుంది.

ఇక బట్టలు. చిరిగిన జీన్స్, పాత దుప్పట్లు, నేత చీరలు పనికొస్తాయి. బొత్తాలు, జిప్పులు, హుక్కులు అన్నీ కోసేయండి. బొంతకి పేర్చినట్టు మడతలు పేర్చి, జాడీలో ఆవకాయ అదిమినట్టు అదమాలి. వదులుగా ఉంటే గుళిక సందు చూసుకుని దూరిపోతుంది. నిండాక ముందు వైపు అట్ట బిగించి, దాని మీద గురి కార్డు టేపుతో అంటిస్తే సరి.

మొదటి పది గుళికలు పెద్దవాళ్లే, కళ్లద్దాలు పెట్టుకుని పేల్చాలి. తర్వాత గుడ్డలు తీసి ఎంత లోతుకి వెళ్లాయో చూడండి. ప్లేటు దాకా వెళ్తే ఇంకా గట్టిగా కూరాలి. రోజూ ఒకేచోట తగిలితే నడుమ సొరంగం పడుతుంది కాబట్టి మడతల్ని తరచూ తిప్పి పెట్టండి. ఇనుప గుండ్లు మాత్రం ఈ పెట్టె మీద వద్దు. అవి నలగవు, ఎగిరొస్తాయి. సీసపు గుళికలే వాడాలి.

ఎక్కడ పెట్టాలి?

పోటీల్లో దూరం 10 మీటర్లు, కార్డు మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు. అంత వరండా లేనివాళ్లు 5 మీటర్లలో, కార్డుని సగం సైజుకి జిరాక్స్ తీయించి వాడుకోవచ్చు. కంటికి అదే కొలతగా కనిపిస్తుంది. రైఫిల్ కార్డులో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, ఆవగింజకన్నా చిన్నది! కొత్తవాళ్లకి చుక్క మాట దేవుడెరుగు, పెట్టే తప్పిపోతుంది. అందుకే పెట్టె వెనకాల పెద్ద ప్లైవుడ్ షీటు నిలబెట్టి, దాని మీద పాత బొంత వేలాడదీయండి. దాని వెనక గట్టి గోడ ఉండాలి. గురి వైపు తలుపు గానీ, కిటికీ గానీ, పక్కింటివాళ్లు నడిచే దారి గానీ ఉండకూడదు.

మా అమ్మాయి సాధన చూసి పక్కింటి పిన్నిగారు "ఆడపిల్లకి తుపాకీ ఏమిటమ్మా, విడ్డూరం!" అన్నారు. పెట్టె చూపించి, ఇలా ఆగిపోతుందండీ అని చెప్పాక, "మీ మావయ్యగారి పాత పంచెలున్నాయి, పంపిస్తా" అన్నారు. పిల్లల ఆటకి ఇరుగుపొరుగు అడ్డుపడేది చాలాసార్లు భయంతోనే. ఆ భయం తీర్చడం మన పూచీ.

సీసంతో జాగ్రత్త

రోజుకి వంద చొప్పున అయిదు రోజులు పేలిస్తే పెట్టెలో చేరేది పావు కిలో సీసం. పిల్లల మెదడుకి సీసం విషం. ఒంట్లో ఇంత ఉంటే ఫరవాలేదు అనే లెక్క లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. గర్భిణులకీ మంచిది కాదు. కాబట్టి:

* వంటింటి దగ్గర, చంటిపిల్లలు పాకే చోట పెట్టె పెట్టొద్దు.
* గుళికలు నోట్లో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. మాన్పించండి.
* సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి.
* పెట్టె ఖాళీ చేసేటప్పుడు చేతులకి గ్లవుజులు ఉండాలి. చీపురుతో ఊడిస్తే పొడి గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డ మళ్లీ ఇంట్లో వాడొద్దు.
* పోగైన సీసాన్ని మూత డబ్బాలో దాచి పాత ఇనుము కొనేవాళ్లకి ఇచ్చేయండి. ఇంట్లో కరిగించే పని అసలే వద్దు.

చివరగా రెండు మాటలు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లకి మించని శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన అది బొమ్మ కాదు. తుపాకీ ఒక బీరువాలో, గుళికలు మరో బీరువాలో, తాళాలు మీ దగ్గర ఉండాలి. పెద్దవాళ్లు పక్కన లేకుండా పేల్చకూడదు. పిట్టల మీద సరదా అసలే కూడదు. వన్యప్రాణుల సంరక్షణ చట్టం 1972 కింద అది నేరం.

అమ్మాయి పుట్టినరోజుకి ఎయిర్‌గన్ కొందామనుకుంటున్నారా? దానికి నెల ముందే వడ్రంగికి కబురు పెట్టండి. ముందు పెట్టె రావాలి, తర్వాతే తుపాకీ.